తక్కెడ నుంచి ఎక్సెల్‌ దాకా: వంట నేర్చుకునే పిల్లలకు డిజిటల్‌ పని నేర్పడం ఎలా?

మొదటి పదిహేను రోజులు కంప్యూటర్‌ ల్యాబ్‌కు తాళం వేసి ఉంచండి. వంట కోర్సులో డిజిటల్‌ పాఠం చెప్పే పని మీ నెత్తిన పడితే నేనిచ్చే తొలి సలహా ఇదే. దేవరకొండ నుంచో, మునుగోడు నుంచో, మక్తల్‌ నుంచో వచ్చిన పిల్లవాడు హోటల్‌ లైన్‌ ఎంచుకున్నదే కుర్చీలో కూర్చుని చదివే చదువు మీద మనసు లేక. వాణ్ని తెర ముందు కూర్చోబెట్టి ఇది ఫైల్‌ మెనూ, ఇది ఎడిట్‌ మెనూ అంటూ మొదలుపెడితే పదో నిమిషానికి కునుకు తీస్తాడు. అదే పిల్లవాడు ఫోన్‌లో రీల్‌ కత్తిరించి, పాట అతికించి, మీరు చూస్తుండగానే పెట్టేస్తాడు. అంటే వేళ్లు సిద్ధంగానే ఉన్నాయి. లేనిదల్లా లెక్క. ఎన్ని గ్రాములు, ఎంత ధర, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలకు? వంటగదిలో నిమిషానికొకటి పుట్టే ఈ అంకెలను పట్టుకుని రాసే అలవాటు చేయిస్తే, రేపు ఏ హోటల్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌ ఉన్నా వారంలో అందుకుంటాడు. ఆ అలవాటు లేనివాడి చేతిలో ఎక్సెల్‌ సర్టిఫికెట్‌ పెట్టినా దండగ.

అందుకని పాఠం తక్కెడ దగ్గర మొదలుపెట్టండి.

తక్కెడ, సోలె, పిడికిలి

టేబుల్‌కొక డిజిటల్‌ తక్కెడ ఉండాలి. 5 కిలోల దాకా తూగి, గ్రాము గ్రాము చూపించేది చాలు. మసాలాలకు మాత్రం గ్రాములో పదో వంతు కూడా చూపించే చిన్న తక్కెడ తరగతి మొత్తానికి ఒకటి కొనండి. మొదటి రోజు నేర్పాల్సింది ఒకే ఒక్క మీట: టేర్‌. గిన్నె పెట్టి, టేర్‌ నొక్కి సున్నా చేయించండి. పిండి పోయించండి. మళ్లీ సున్నా, పల్లీలు. మళ్లీ సున్నా, నువ్వులు. ఒకే గిన్నెలో అన్నీ తూచడం వచ్చిన రోజే వాళ్లకు తక్కెడ మీద భయం పోతుంది.

గ్రాములూ కిలోల గొడవ కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 50 గ్రాములను 0.5 కిలో అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అది 0.05 అని ఎర్ర పెన్నుతో దిద్దితే తలకెక్కదు. ఒక గిన్నెలో 50 గ్రాముల నువ్వులు, పక్క గిన్నెలో 500 గ్రాములు పోసి చూపించండి. చుక్క పక్కన సున్నా మరిచిపోతే ఏమవుతుందో కళ్లకు కనపడాలి.

ఆ వారం ఇంటి పని ఇలా ఇవ్వండి. ఇంట్లో అవ్వనో, నాయనమ్మనో అడిగి ఒక వంట కొలతలు రాసుకు రమ్మనండి. "రెండు సోలెల బియ్యప్పిండి, చారెడు పల్లీలు, పిడికెడు శనగపప్పు, ఉప్పు నీ నోటికి సరిపడ" అని రాసుకొస్తారు. ఇంట్లో సోలె మిగిలి ఉంటే అది కూడా తెమ్మనండి. అదే సోలెతో ఒకసారి బియ్యం, ఒకసారి బియ్యప్పిండి, ఒకసారి నువ్వులు కొలిచి తక్కెడ మీద పెట్టించండి. సోలె ఒకటే, బరువులు మూడు వస్తాయి. వంట పుస్తకంలో కప్పు అని కనిపించగానే దేని కప్పు అని అడగడం ఆ రోజు నుంచి మొదలవుతుంది. తర్వాత పిడికిలి వంతు. పదిమంది పది పిడికిళ్ల శనగపప్పు తూచి బోర్డు మీద రాస్తే పది వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. వాటి సగటు ఎంత? ఇదిగో, ఇప్పుడు ల్యాబ్‌ తాళం తీయండి. ఆ పది అంకెలు గూగుల్‌ షీట్‌లో (ఎక్సెల్‌ లాంటిదే) కొట్టించి యావరేజ్‌ ఫార్ములా చూపించండి. పిల్లలు నేర్చే మొదటి ఫార్ములా వాళ్ల సొంత పిడికిళ్ల మీద పుట్టాలి.

ముందు ఎవరి ఖాతా వాళ్లకు

షీట్‌ తెరవాలంటే జీమెయిల్‌ ఉండాలి. ఉన్నట్టే అనిపిస్తుంది గానీ అడిగి చూడండి. సగంమందికి ఆ ఐడీ ఫోన్‌ అమ్మిన షాపులో అబ్బాయి చేసి ఇచ్చింది. పాస్‌వర్డ్‌ వాడికే ఎరుక. కొందరిది అన్న ఐడీ, కొందరిది సినిమా హీరో పేరుతో ఉంటుంది. ఇంటర్వ్యూకు పిలిచే హోటల్‌ వాళ్లకు ఆ ఐడీ ఇస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒక పూట మొత్తం దీనికే కేటాయించండి: సొంత పేరుతో ఐడీ, ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్‌, రికవరీకి ఇంట్లో ఎప్పటికీ మారని నంబరు. పూట వృథా అయిందని పక్క మాస్టర్‌ సణిగినా పట్టించుకోకండి.

ఫైల్‌ పేర్లకు కూడా ఒక పద్ధతి పెట్టండి. ముందు తేదీ, తర్వాత వంట, చివర టేబుల్‌ నంబరు. తేదీలో సంవత్సరం, నెల, రోజు ఆ వరుసలోనే రాస్తే ఫైళ్లు వాటంతటవే క్రమంలో కూర్చుంటాయి. 'కొత్తది', 'కొత్తది ఫైనల్‌', 'అసలు ఫైనల్‌' అని పేర్లు పెట్టిన వాళ్లు నెల తిరక్కుండానే మీ దగ్గరికి ఏడుపు మొహంతో వస్తారు.

అమ్రాబాద్‌ వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇంటి దగ్గర సిగ్నల్‌ అందకపోవచ్చు. గూగుల్‌ షీట్స్‌లో ఆఫ్‌లైన్‌ మీట ముందే నొక్కించి పంపితే రాసింది ఫోన్‌లో నిలబడి, నెట్‌ తగలగానే పైకి వెళ్తుంది.

వంటగదిలో ఫోన్‌

ఫోన్‌ను పచ్చి మాంసంతో సమానంగా చూడమని చెప్తాను నేను. ముట్టుకుంటే చేతులు కడగాల్సిందే. టేబుల్‌కు ఒక్క ఫోన్‌, అది జిప్‌ ఉన్న ప్లాస్టిక్‌ కవర్‌లో. మిగతావి బయట పెట్టెలో. ప్రతి టేబుల్‌లో ఒకరు వండాలి, ఒకరు తూచాలి, ఒకరు రాయాలి. రాసేవాడు కత్తి పట్టడు, కత్తి పట్టినవాడు ఫోన్‌ ముట్టడు. వంట మారినప్పుడల్లా మనుషులు మారాలి. లేకపోతే ఫోన్‌ అంటే ఇష్టమున్నవాడు ఎప్పుడూ రాస్తూనే ఉంటాడు, సిగ్గుపడే అమ్మాయి ఎప్పుడూ ఉల్లిగడ్డలు కోస్తూనే ఉంటుంది.

తపాలచెక్క ఖరీదెంత?

మొత్తం కోర్సులో ఎక్కువ రోజులు ఇక్కడే ఆగండి. ఒక వంటకు లెక్క కట్టడం పూర్తిగా వస్తే మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. పిల్లలకు తెలిసిన వంట తీసుకోండి. నేను తపాలచెక్క తీసుకుంటాను. కొన్ని జిల్లాల్లో దీన్నే సర్వపిండి అంటారు, గిన్నప్ప అనేవాళ్లూ ఉన్నారు.

ముందు ఉల్లిగడ్డ సంగతి. 5 కిలోలు తెచ్చి, తొక్క, వేర్లు తీసేసి మళ్లీ తూచమనండి. 4.4 కిలోలు మిగిలాయనుకుందాం. అంటే 88 శాతమే వంటకు పనికొచ్చింది. కిలో 30 రూపాయలకు కొన్నామనుకుంటే గిన్నెలో పడే కిలో అసలు ధర 30 కాదు. 30ని 0.88తో భాగిస్తే 34.09. ఈ నాలుగు రూపాయల తేడా చూసి పిల్లలు నవ్వుతారు. రోజుకు 40 కిలోల ఉల్లిగడ్డ కోసే హైవే హోటల్‌లో నెలకు ఎంతవుతుందో వాళ్లనే కట్టమనండి. దాదాపు 4,900 వస్తుంది. నవ్వు ఆగుతుంది. చికెన్‌కు, చేపకు, కొత్తిమీరకు కూడా ఇదే పరీక్ష చేయించి, ఆ శాతాలన్నీ ఒక ప్రత్యేక షీట్‌లో దాపించండి. సాగర్‌ నుంచి వచ్చిన చేపను తల, పొలుసు తీసి తూచిన రోజు పిల్లల మొహాలు చూడాలి.

ఇప్పుడు అసలు షీట్‌. అడ్డంగా ఐదు గళ్లు చాలు: సరుకు, గ్రాములు, కిలో ధర, ఖర్చు, గమనిక. ఖర్చు గడిలో ఫార్ములా ఒకటే: గ్రాములను కిలో ధరతో గుణించి 1000తో భాగించాలి. ధరలు మీ ఊరి రైతుబజార్‌లో ఆ పొద్దున అడిగినవే వేయించండి. ఇక్కడ ఉదాహరణకు నేను కొన్ని అనుకుంటున్నాను. బియ్యప్పిండి కిలో 50 చొప్పున 1000 గ్రాములు, 50 రూపాయలు. పల్లీలు కిలో 140 చొప్పున 150 గ్రాములు, 21. నువ్వులు కిలో 200 చొప్పున 50 గ్రాములు, 10. శనగపప్పు కిలో 90 చొప్పున 100 గ్రాములు, 9. తొక్క తీసిన ఉల్లిగడ్డ 200 గ్రాములు, 6.82. నూనె లీటరు 150 చొప్పున 200 మిల్లీలీటర్లు, 30. కారం, ఉప్పు, కరివేపాకు కలిపి 10. మొత్తం 136.82. ఈ ముద్దతో 12 చెక్కలు వస్తే ఒక్కోటి 11 రూపాయల 40 పైసలు.

హోటల్‌ వాళ్లు ఫుడ్‌ కాస్ట్‌ అనేది దీన్నే. అమ్మకం ధరలో ముడిసరుకు వాటా 35 శాతం దాటకూడదని లెక్క పెట్టుకుంటే, 11.40ని 0.35తో భాగించాలి. 32.57 వచ్చింది, 35 రూపాయలు పెడదాం. ఇక్కడ ఆపకండి. "స్విగ్గీలోనో జొమాటోలోనో పెడితే?" అని అడగండి. వాళ్లు నూటికి 25 పట్టుకున్నారనుకుందాం. చేతికొచ్చేది 26.25. డబ్బాకు 4 రూపాయలు. ఇప్పుడు ముడిసరుకు, డబ్బా కలిపి 15.40. చేతికొచ్చిన దాంట్లో దాదాపు 59 శాతం అక్కడే పోయింది. ఇంకా గ్యాస్‌, జీతం, కిరాయి ఉన్నాయి. అదే చెక్క, అదే ధర. ఈ ఒక్క గడి మార్చి చూపించినప్పుడు వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొస్తారు. ధర పెంచాలా, రెండేసి కలిపి అమ్మాలా, ఆన్‌లైన్‌ మెనూలోంచి తీసేయాలా అని వాళ్లలో వాళ్లే కొట్లాడుకోనివ్వండి. మీరు జవాబు చెప్పకండి.

ఫార్ములా కిందికి లాగినప్పుడు గడులు జారిపోవడం దగ్గర అందరూ తికమకపడతారు. డాలర్‌ గుర్తు ఎందుకో చెప్పడానికి నేను మేకను వాడుకుంటాను. గుంజకు కట్టని మేక మనతోపాటే నడిచొస్తుంది. కట్టేసిన మేక మనమెక్కడికి పోయినా అక్కడే ఉంటుంది. ఫార్ములాలో గడి పేరుకు డాలర్‌ గుర్తు పెట్టడమంటే దాన్ని గుంజకు కట్టేయడం. ఎన్ని చెక్కలు అన్న అంకెను ఒకే గడిలో ఉంచి కట్టేయించండి. అది 12 నుంచి 120కి మారిస్తే సరుకులన్నీ మారిపోవాలి.

షీట్‌ చెప్పిందల్లా నిజం కాదు

120 చెక్కలకు కారం నిజంగానే పదింతలు పోయాలా? బగారన్నం పదిమందికి వండిన లెక్కను నలభైతో గుణిస్తే నాలుగు వందల మందికి సరిపోతుందా? పోదు. పెద్ద బగోనాలో నీళ్లు ఆవిరయ్యే తీరు వేరు, లవంగం, దాల్చినచెక్క ఘాటు ఎక్కే తీరు వేరు. ఈ పాఠం నేను చెప్పను. పెళ్లి వంటలు చేసే మాస్టర్‌ను ఒకరోజు తరగతికి పిలుస్తాను. ఆయన నాలుగు వందల మంది సామాన్ల పట్టీ కాగితం లేకుండా గడగడా చెప్తుంటే పిల్లలు ఫోన్లలో ఎక్కించుకుంటారు. తర్వాత షీట్‌ చెప్పిన అంకెలు పక్కన పెట్టి చూస్తారు. బియ్యం దగ్గర ఇద్దరూ దగ్గరదగ్గరగా ఉంటారు. మసాలా, ఉప్పు, నీళ్ల దగ్గర విడిపోతారు. ఆ విడిపోయిన చోట మాస్టర్‌ను "ఎందుకన్నా?" అని అడిగించి, ఆయన జవాబును గమనిక గడిలో రాయించండి. ఆ గడి లేని రెసిపీ షీట్‌ నా దృష్టిలో సగమే.

చాట్‌బాట్‌ను కూడా ఇలాగే వాడండి. తపాలచెక్క కొలతలు అడిగించి, వచ్చిన జవాబు ప్రింట్‌ తీసి, వండి చూసి తప్పులు పట్టమనండి. తినే నాలుక, తూచే చెయ్యి ఉన్నవాడికే అది పనికొస్తుందని మీరు విడిగా చెప్పక్కర్లేదు.

డిగ్రీలు, గంటలు

తిండిలో గుచ్చి వేడి చూసే ప్రోబ్‌ థర్మామీటర్‌ కొన్నాక ముందు అది నిజం చెప్తోందో లేదో చూడాలి. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, కాసిన్ని నీళ్లు పోసి కలిపి ముంచితే సున్నా చూపించాలి. మరిగే నీళ్లతో వంద చూస్తామంటే కుదరదు. మహబూబ్‌నగర్‌ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటి కాస్త పైన మరిగిపోతాయి. థర్మామీటర్‌ పాడైందని పారేయబోయే పిల్లవాడు ఎవడో ఒకడుంటాడు, చూసుకోండి.

5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండి ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. చల్లనిది 5 లోపల, వేడిది 60 పైన, ఫ్రీజర్‌ మైనస్‌ 18. గోడకు ఈ మూడు అంకెలు చాలు. కష్టమంతా రాయించడంలో ఉంది. కాగితం రిజిస్టర్‌ ఇస్తే సాయంత్రం ఒకేసారి కూర్చుని అన్నిటికీ 4, 4, 4 అని వేసేస్తారు. మనం కూడా ఆ వయసులో అదే చేసి ఉంటాం. అందుకే గూగుల్‌ ఫామ్‌ పెట్టండి. పంపిన టైము అదే ముద్ర వేసుకుంటుంది. ఆరు ఎంట్రీలూ 4 గంటల 52 నిమిషాలకే పడితే పెద్ద తెర మీద వేసి చూపించండి, తిట్టకండి. రెండోసారి ఎవరూ చేయరు.

ఆర్డర్‌, బిల్లు, పైసలు

బిల్లింగ్‌ సాఫ్ట్‌వేర్‌ కొనడానికి డబ్బుల్లేవని ఆగనవసరం లేదు. తరగతినే హోటల్‌ చేసేయండి: సగం తరగతి గిరాకీలు, పావు వంతు ఆర్డర్లు తీసుకునే స్టీవార్డులు, మిగతా వాళ్లు కిచెన్‌. మొదటి రోజు ఆర్డర్లు నోటితో అరిపించండి. రెండో రోజు వాట్సాప్‌లో. "2 చికెన్‌ 1 కారం తక్కువ" అని మెసేజ్‌ వస్తుంది. రెండిట్లో ఒకటా, మూడోదా? కిచెన్‌ తల పట్టుకుంటుంది. మూడో రోజు ఫామ్‌లో: టేబుల్‌ నంబరు, వంటకం జాబితాలోంచి ఎంపిక, ఎన్ని, ప్రత్యేకంగా ఏమన్నా చెప్పారా. మూడు రోజుల తప్పులు లెక్కపెట్టి పక్కపక్కన రాస్తే కిచెన్‌కు వెళ్లే ఆర్డర్‌ చీటీ, అదే కేఓటీ, ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. వాట్సాప్‌ రోజున ఒక జాగ్రత్త. గ్రూపులో అమ్మాయిల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, ఇంట్లో వాళ్లకు అది నచ్చదు, నచ్చకపోవడంలో తప్పూ లేదు. కాలేజీ ఫోన్లు రెండు పెట్టి వాటి మధ్యే నడిపించండి.

యూపీఐ 2016 నుంచి ఉంది, పిల్లలకు మనకంటే బాగా తెలుసు. కౌంటర్‌లో నిలబడ్డప్పుడు మోసపోకుండా ఉండడం మాత్రం నేర్పాలి. పైసలు తీసుకోవడానికి పిన్‌ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. గిరాకీ చూపించే స్క్రీన్‌షాట్‌ రసీదు కాదు, మన ఫోన్‌లోనో సౌండ్‌బాక్స్‌లోనో వచ్చిందే రసీదు. క్యూఆర్‌ స్టిక్కర్‌ మీద ఇంకో స్టిక్కర్‌ అతికి ఉందేమో షాపు తెరవగానే గోరుతో గీకి చూడాలి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్‌ చేయాలి. ఈ నంబరు నోటికి రావాలి.

సొంతంగా పచ్చళ్లో, పిండివంటలో అమ్ముకుందామనుకునే వాళ్లకు ఫాస్కాస్‌ పోర్టల్‌ తెరిచి చూపించండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్‌ అందులోనే జరుగుతుంది. షాపులో దొరికే ప్యాకెట్లు తెచ్చి వాటి మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్‌ నంబరు వెతికించడం మంచి ఆట.

ఫొటో, పేరు

ఫొటోకు పెద్ద పాఠం అక్కర్లేదు. కిటికీ పక్క వెలుతురు, ఫ్లాష్‌ బంద్‌, లెన్స్‌ తుడవడం. చెక్కలాంటి పల్చటివి నేరుగా పైనుంచి, గిన్నెలో కూర పక్కవాటుగా.

పేరు దగ్గర మాత్రం ఆగండి. ఒకే వంటకు తపాలచెక్క, సర్వపిండి, గిన్నప్ప అని మూడు పేర్లుంటే గిరాకీ ఫోన్‌లో దేన్ని వెతుకుతాడు? మెనూలో ఒకటి పైన పెట్టి, మిగతా రెండూ కింద వివరణలో రాయాలి. తెలుగులో టైప్‌ చేయించండి. నోటితో చెప్తే రాసే సదుపాయం వాడుకోవచ్చు గానీ మన ఎల్లిగడ్డ, మక్కగటక అన్న మాటలు దానికి ఒక్కోసారి ఇంకేదోలా వినిపిస్తాయి, చదివి దిద్దాలి. ఫ్లెక్సీ షాపువాళ్లు అను ఫాంట్లో చేసిచ్చిన మెనూను కాపీ చేసి ఫోన్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో రాసినదే ఎక్కడైనా తెలుగుగా కనిపిస్తుంది.

పరీక్ష

రాత పరీక్ష వద్దు. నలుగురి జట్టుకు 2,000 రూపాయలు చేతికిచ్చి పొద్దున్నే రైతుబజార్‌కు పంపండి. ఇరవై మందికి మధ్యాహ్నం భోజనం పెట్టాలి. ధరలు అక్కడే ఫోన్‌లో ఎక్కించాలి, తరుగు తూచి రాయాలి, డిగ్రీలు ఫామ్‌లో పడాలి, ఆర్డర్లు కేఓటీలో రావాలి. సాయంత్రం నాలుగింటికి ఒక్కో ప్లేటు ఎంత పడిందో షీట్‌ చూపించాలి. కంచాల్లో మిగిలిపోయింది కూడా తూయించండి, అందరూ మరిచేది అదే. చేతిలో మిగిలిన డబ్బు, షీట్‌లో మిగిలిన డబ్బు ఒకటి కాకపోతే ఎక్కడ తప్పిందో జట్టే వెతుక్కోవాలి. సాధారణంగా అది కొత్తిమీర కట్ట దగ్గరో, చాయ్‌ తాగిన బిల్లు దగ్గరో దొరుకుతుంది.

ఆ షీట్లన్నీ పిల్లల సొంత ఖాతాలోనే ఉండాలి, మీ ఖాతాలో కాదు. నార్కట్‌పల్లిలోనో జడ్చర్లలోనో హైవే పక్క హోటల్‌కు పని అడగడానికి వెళ్లినప్పుడు ఓనర్‌ "ఏమొచ్చు నీకు?" అంటాడు. అప్పుడు ఫోన్‌ తీసి, ఇరవై మంది భోజనం లెక్క తెరిచి ఆయన ముందు పెట్టమనండి.